ఈఎస్‌పీ32కూ నీళ్ల మోటారుకూ మధ్య అడ్డుగోడ: ప్రాజెక్టు డైరీ

పని చూడ్డానికి చిన్నదే. సంపులోంచి డాబా మీది ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోనోబ్లాక్ మోటారు. ట్యాంకులో ఒక ఫ్లోట్ (నీటి మట్టాన్ని బట్టి కలిసి విడిపోయే స్విచ్చు), సంపులో ఒక ఫ్లోట్. మున్సిపల్ లైను మీద 12 వోల్టుల మోటారు వాల్వు. వీటన్నిటినీ ఒక ఈఎస్‌పీ32, అంటే వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ చిప్, నడపాలి. కోడ్ ఒక సాయంత్రంలో అయిపోయింది. మిగతా రోజులన్నీ మోటారు వైపు కరెంటు, విద్యుత్ చప్పుడు (నాయిస్) చిప్ దాకా రాకుండా చూడ్డానికే పట్టాయి. ఈ డైరీ ఆ రోజులది.

1వ రోజు: పాత బోర్డు విప్పడం

ముందున్న బిగింపు చాలా ఇళ్లలో కనిపించేదే. నీలం రంగు రెండు చానళ్ల రిలే మాడ్యూల్, ఈఎస్‌పీ32 డెవ్ బోర్డు, రెండింటికీ కలిపి ఒకే 5 వోల్టుల ఫోన్ చార్జరు. మోటారు ఫేజు నేరుగా రిలే కాంటాక్టుల గుండా వెళ్తోంది. ఫిర్యాదులు రెండు: మోటారు ఆగే క్షణంలో బోర్డు రీసెట్ అవుతోంది, ఒక్కోసారి రిలే లైటు ఆరినా మోటారు ఆగడం లేదు.

రెండోది ముందు తేలింది. రిలే నీలం డొప్ప బ్లేడుతో కోసి తీస్తే కాంటాక్టు మధ్య నల్లటి గుంట, దాని అంచున కరిగి గడ్డకట్టిన లోహపు బొట్టు. పత్తీని గోటితో కదిపితే టక్కున ఊడి వచ్చింది. రిలే మీద '10ఏ 250వీఏసీ' అని ఉంటుంది కదా అనుకుంటారు. ఆ 10 ఆంపులు హీటరు లాంటి లోడుకు చెప్పినవి. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు పరుగులో 5, 6 ఆంపులే తీసుకున్నా, స్టార్టింగులో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. కాంటాక్టు మూసుకుంటూ ఒకటి రెండు సార్లు ఎగిరిపడే సరిగ్గా ఆ మిల్లీసెకన్లలోనే 30 ఆంపులు పారితే అతుక్కుపోక ఏం చేస్తుంది. ఆ సైజు రిలేను మోటారుకు నేరుగా కట్టడం ఇక లేదు. కాంటాక్టరు అంటే మోటార్ల కోసం చేసిన పెద్ద రిలే. రిలే కాంటాక్టరు కాయిల్‌ను ఎత్తుతుంది, కాంటాక్టరు మోటారును ఎత్తుతుంది.

ఇక రీసెట్ సంగతి. మాడ్యూల్ మీద రెండు ఆప్టోకప్లర్లు (సంకేతాన్ని తీగతో కాక వెలుతురుతో దాటించే భాగాలు) ఉన్నాయి, 'ఐసొలేటెడ్' అని అమ్ముతారు. కానీ మూలన జేడీ-వీసీసీ, వీసీసీ పిన్నుల మధ్య పసుపు జంపర్ అలాగే పెట్టి ఉంది. అంటే రిలే కాయిల్‌కూ ఆప్టో ఎల్‌ఈడీకీ ఒకే 5 వోల్టులు. గ్రౌండ్ కూడా ఒకటే. ఆప్టో లోపల వెలుతురు మాత్రమే దాటుతోంది, నిజమే. దాని పక్కనుంచే రెండు రాగి తీగలు దర్జాగా దాటిపోతున్నాయి. గోడకు తలుపు బిగించి, గోడ కట్టడం మరిచిపోయినట్టు.

జంపర్ తీసేసి జేడీ-వీసీసీకి వేరే సప్లై ఇచ్చినా ఈ మాడ్యూల్‌తో ఇంకో చిక్కు ఉంది. ఇన్‌పుట్ వరసలోని గ్రౌండ్ పిన్ను, జేడీ-వీసీసీ పక్కనున్న గ్రౌండ్ పిన్ను బోర్డు కింద కలిసే ఉంటాయి. కాబట్టి ఈఎస్‌పీ32 నుంచి వీసీసీ, ఐఎన్ తీగలు మాత్రమే రావాలి, గ్రౌండ్ తీగ రాకూడదు. అలవాటు కొద్దీ మూడు తీగలూ కలిపేస్తే జంపర్ తీసిన కష్టం వృథా.

3.3 వోల్టుల చిప్‌తో దీని లెక్క కూడా చూడాలి. మాడ్యూల్‌లో 1కే (1 కిలోఓము) రెసిస్టర్, సూచిక ఎల్‌ఈడీ, ఆప్టో ఎల్‌ఈడీ ఒకే వరసలో ఉంటాయి. ఎర్ర ఎల్‌ఈడీకి 1.8, ఆప్టోకు 1.2, మొత్తం 3 వోల్టులు అక్కడే పోతాయి. వీసీసీకి 3.3 ఇస్తే మిగిలేది 0.3 వోల్టు, అంటే 0.3 మిల్లీఆంపు. రిలే ఒకసారి ఎత్తుతుంది, ఒకసారి ఎత్తదు. 5 ఇస్తే 2 మిల్లీఆంపులు, బాగానే ఉంటుంది. కానీ ఈఎస్‌పీ32కు కరెంటు పోయి మాడ్యూల్‌కు ఉంటే, చిప్ పిన్ను లోపలి రక్షణ డయోడు గుండా ఒక మిల్లీఆంపు పైచిలుకు పారి రిలే దానంతట అదే ఎత్తవచ్చు. చిప్ చచ్చినప్పుడు మోటారు తిరగడం ఎవరికీ అక్కర్లేదు. మాడ్యూల్ పక్కన పెట్టేశాం, డ్రైవర్ బోర్డు సొంతంగా కడుతున్నాం.

2వ రోజు: మూడు పేటలు

కాగితం మీద మూడు పెట్టెలు గీశాం. మొదటి పేట చిప్‌ది: 5, 3.3 వోల్టులు. రెండోది ఫీల్డు: 12 వోల్టులు, అందులో రిలే కాయిళ్లు, ఫ్లోట్ తీగలు, వాల్వు. మూడోది 230. ఒక పేట నుంచి ఇంకో పేటకు ఏ తీగ దాటినా దాన్ని ఎర్ర పెన్నుతో గీయాలి. చివరికి కాగితం మీద ఎర్ర గీత ఒక్కటి కూడా మిగలకూడదు. సర్క్యూట్ అంతా ఆ ఒక్క షరతు చుట్టూ తిరిగింది.

సప్లైలు రెండు. చిప్‌కు హెచ్‌ఎల్‌కే-పీఎం01, 5 వోల్టులు 600 మిల్లీఆంపులు. ఈఎస్‌పీ32 వైఫై పంపేటప్పుడు 240 మిల్లీఆంపుల దాకా లాగుతుంది కాబట్టి సరిపోతుంది. దాని ముందర చిన్న ఫ్యూజు, ఒక ఎంఓవీ (వోల్టేజీ పోటును మింగే భాగం). ఫీల్డుకు 12 వోల్టుల 2 ఆంపుల అడాప్టరు. ఒకే 12 వోల్టుల అడాప్టరు పెట్టి, బక్ కన్వర్టర్‌తో (వోల్టేజీ తగ్గించే చిన్న సర్క్యూట్) 5 చేసి చిప్‌కు ఇవ్వడం చాలామంది చేసే పని. మామూలు బక్‌లో ఇన్‌పుట్ మైనస్, అవుట్‌పుట్ మైనస్ ఒకటే తీగ. అక్కడితో ఆప్టోలన్నీ అలంకారమే.

రిలే ఎంపిక దగ్గర కాస్త ఆగాం. నీలం ఎస్‌ఆర్‌డీ రిలేకు కాయిల్, కాంటాక్టుల మధ్య తట్టుకునే వోల్టేజీ 1500, ఒక నిమిషం. ఫ్లోట్ తీగలు ఫీల్డు పేటలోనే ఉన్నాయి, ఆ ఫ్లోట్లు మనుషులు చెయ్యి పెట్టే నీళ్లలో ఉన్నాయి. అందుకే 230 తాకే ఆ ఒక్క రిలేను ఓమ్రాన్ జీ2ఆర్-1-ఎస్, 12 వోల్టులది తీసుకున్నాం. దానికి ఇదే లెక్క 5000. కాయిల్ దాదాపు 43 మిల్లీఆంపులు. వాల్వు తిప్పే రెండు రిలేలు 12 వోల్టులే చూస్తాయి కాబట్టి వాటికి ఎస్‌ఆర్‌డీ-12 చాలు, ఒక్కొక్కటి 30 మిల్లీఆంపులు.

ఫీల్డు మైనస్‌ను ప్యానెల్‌లో ఒకే ఒక్క చోట ఎర్త్‌కు కలిపాం. రిలే లోపల ఎప్పుడైనా ఇన్సులేషన్ పోయి ఫేజు ఇటు వస్తే, నీళ్లలోకి పోకుండా ఎర్త్‌లోకి పోతుంది, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (లీకు కనిపెట్టి కరెంటు తెంపే స్విచ్చు) పడిపోతుంది. చిప్ గ్రౌండ్ మాత్రం దేనికీ కలవదు, తేలుతూ ఉంటుంది.

మిగతా సామాన్లు: ఆప్టోకప్లర్లు పీసీ817 ఆరు, కాయిళ్లను నడిపే ట్రాన్సిస్టర్ల చిప్ యూఎల్‌ఎన్2003 ఒకటి, 9 ఆంపుల ఏసీ-3 (మోటారు లోడు రకం) కాంటాక్టరు 230 వోల్టుల కాయిల్‌తో, దానికి తగిన ఓవర్‌లోడ్ రిలే, సీ-కర్వ్ 10 ఆంపుల ఎంసీబీ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు వీటిలో ఎలక్ట్రానిక్స్ భాగాలు కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి. పీసీ817 కొనేటప్పుడు చివరి అక్షరం చూడండి. ఏ అయితే కరెంటు బదిలీ 80 నుంచి 160 శాతం, సీ అయితే 200 నుంచి 400. లెక్కలన్నీ కనీసం 80 మీదే వేశాం కాబట్టి ఏది దొరికినా పనిచేస్తుంది.

4వ రోజు: డ్రైవర్ బోర్డు

జీరో పీసీబీ (వరసగా రంధ్రాలున్న ఉత్త బోర్డు) మీద కట్టాం. 230 ఈ బోర్డు మీదకు రానే రాదు. జీ2ఆర్ రిలే సాకెట్‌లో, డిన్ రెయిలు మీద వేరుగా ఉంది.

పీసీ817 రెండు కాళ్ల వరసల మధ్య దూరం 7.62 మిల్లీమీటర్లు, అంటే జీరో పీసీబీలో సరిగ్గా మూడు అడుగులు. మధ్యలో రెండు వరసల రాగి చుక్కలు ఖాళీగా మిగులుతాయి. వాటిని అలాగే వదిలేస్తే రెండు పేటల మధ్య అడ్డుగోడ మెట్లు మెట్లుగా తగ్గిపోతుంది. ఒక్కో చుక్క మీద ఐరన్ ఐదారు సెకన్లు ఆనించి, జిగురు మెత్తబడగానే కత్తి మొనతో లేపితే ఊడి వస్తుంది. ఈ బోర్డు మీది ఐదు ఆప్టోలనూ ఒకే గీత మీద నిలబెట్టి, బోర్డు పొడవునా ఆ రెండు వరసలూ తీసేశాం. ఎడమ పక్క చిప్, కుడి పక్క ఫీల్డు. మధ్యలో ఐదున్నర మిల్లీమీటర్ల ఉత్త బోర్డు. సోల్డర్ చేశాక బ్రష్షు, స్పిరిట్‌తో ఆ దారిని కడిగాం. ఫ్లక్స్ మరక మీద దుమ్ము, తేమ చేరితే అదే తీగ అవుతుంది.

అవుట్‌పుట్ దారి ఇలా ఉంది. జీపీఐఓ (చిప్ సంకేత పిన్ను) నుంచి 330 ఓములు, పీసీ817 ఒకటో కాలు. రెండో కాలు చిప్ గ్రౌండ్‌కు. (3.3 − 1.2) / 330, అంటే 6.4 మిల్లీఆంపులు. అవతల నాలుగో కాలు +12కు, మూడో కాలు 4.7కే గుండా యూఎల్‌ఎన్2003 ఇన్‌పుట్‌కు, ఆ ఇన్‌పుట్ నుంచి ఫీల్డు మైనస్‌కు 10కే. ఆప్టో ఇవ్వాల్సింది 1.6 మిల్లీఆంపులే, ఏ రకం కూడా 5 ఇవ్వగలదు. ఆప్టో వేడెక్కినా, ఏళ్లు గడిచి లోపలి ఎల్‌ఈడీ మసకబారినా మూడు రెట్లు మిగులు ఉంది. పీసీ817తో రిలే కాయిల్‌ను నేరుగా లాగించాలని చూస్తే ఈ మిగులే ఉండదు, 43 మిల్లీఆంపులు దానికి అతి.

యూఎల్‌ఎన్2003 తొమ్మిదో కాలును +12కు కలపడం మరిస్తే బోర్డు మొదట్లో బాగానే పనిచేస్తుంది. అదే మోసం. లోపలి డయోడ్లన్నీ ఆ కాలికే కలిసి ఉంటాయి. అది గాలిలో ఉంటే కాయిల్ వదిలినప్పుడల్లా వచ్చే ఎదురు పోటు ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. కొన్నాళ్లకు ఒక చానల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోతుంది.

జీపీఐఓలు 25, 26, 27 వాడాం. 0, 2, 5, 12, 15 బూటు సమయంలో చిప్ చూసుకునే పిన్నులు; వాటి మీద రిలే పెడితే కరెంటు వచ్చినప్పుడల్లా టకటకలాడవచ్చు. 12ను బూటప్పుడు ఎవరైనా పైకి లాగి ఉంచితే ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులు అనుకుని బోర్డు అసలు లేవదు. ప్రతి అవుట్‌పుట్‌కూ 10కే గ్రౌండ్‌కు.

5వ రోజు: లోపలికొచ్చే తీగలు

అవుట్‌పుట్లకు ఆప్టో పెట్టి, ఫ్లోట్ తీగను నేరుగా జీపీఐఓకు గుచ్చేవాళ్లు ఎక్కువ. డాబా మీది నుంచి 20 మీటర్ల తీగ, పైపులో మోటారు తీగ పక్కనే. అది ఏరియల్. మెరుపు, కాంటాక్టరు చిటపట అన్నీ దాని మీదే దిగుతాయి.

ఫ్లోట్ వలయాన్ని ఫీల్డు 12 వోల్టులతో నడిపాం: +12 నుంచి ఫ్లోట్, 2.2కే, ఆప్టో ఎల్‌ఈడీ, మైనస్. 4.9 మిల్లీఆంపులు పారుతుంది. ఫ్లోట్ లోపలి స్విచ్చుకు కూడా ఈ మాత్రం కరెంటు మంచిదే, కాంటాక్టు మీద పొర పేరుకోదు. ఎల్‌ఈడీకి అడ్డంగా తిరగేసిన 1ఎన్4148, 100 నానోఫారడ్, ఇంకా ఒక 1కే.

ఆ 1కే ఎందుకంటే, పక్క తీగల మధ్య మీటరుకు 100 పికోఫారడ్ అనుకుంటే 20 మీటర్లకు 2 నానోఫారడ్. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర దానిగుండా 0.14 మిల్లీఆంపు వరకు కారవచ్చు. ఫ్లోట్ తెరిచి ఉన్నా ఆప్టో సగం వెలిగి, రీడింగు వణుకుతుంది. 1కే ఉంటే ఆ కారే కరెంటుకు 0.14 వోల్టే నిలుస్తుంది, ఎల్‌ఈడీ కళ్లే తెరవదు. నిజంగా ఫ్లోట్ మూసినప్పుడు 1కే తన 1.2 మిల్లీఆంపులు తీసుకున్నా ఎల్‌ఈడీకి 3.7 మిగులుతుంది.

రెండు ఫ్లోట్లూ కరెంటు పారితేనే మోటారుకు అనుమతి అనేలా పెట్టాం: ట్యాంకులో నీళ్లు తగ్గితే మూసుకునేది, సంపులో నీళ్లుంటే మూసుకునేది. ఎలుక తీగ కొరికితే మోటారు ఆగుతుంది, పొంగదు, ఎండదు.

మూడో ఇన్‌పుట్ మోటారుకు నిజంగా కరెంటు అందుతోందా అని చూసేది. కాంటాక్టరు అవుట్‌పుట్ నుంచి 47కే 1 వాట్ రెసిస్టర్లు రెండు వరసగా, పీసీ817, న్యూట్రల్. 2.4 మిల్లీఆంపులు, ఒక్కో రెసిస్టర్‌లో 0.28 వాటు. రెండు ఎందుకు, ఒకే 94కే పెట్టొచ్చుగా అంటే, 230 శిఖరం 325 వోల్టులు, చిన్న పావు వాటు రెసిస్టర్లు 250కి మించి తట్టుకోవని వాటి డేటాషీట్‌లోనే ఉంటుంది. పైగా ఒకటి షార్ట్ అయినా రెండోది కాపాడుతుంది. ఎల్‌ఈడీకి తిరగేసిన 1ఎన్4148 లేకపోతే మొదటి వ్యతిరేక సగంలోనే ఆప్టో పోవచ్చు, 6 వోల్టులకు మించి రివర్స్‌లో ఓర్చుకోదు. ఈ సర్క్యూట్‌కు 230 వస్తుంది కాబట్టి డ్రైవర్ బోర్డు మీద పెట్టలేదు. చిన్న వేరే బోర్డు, మూతపెట్టిన డబ్బీ, తీగల మధ్య 8 మిల్లీమీటర్ల ఖాళీ.

దీని అవుట్‌పుట్ స్థిరంగా ఉండదు, 50 హెర్ట్జ్ పల్స్‌లు వస్తాయి. 40 మిల్లీసెకన్లలో ఒక్కసారైనా కిందికి దిగితే 'మోటారుకు కరెంటు ఉంది' అని కోడ్ అనుకుంటుంది. ఇది జీపీఐఓ 35కు ఇచ్చాం. 34 నుంచి 39 వరకు పిన్నులకు లోపలి పుల్-అప్ ఉండదు, కోడ్‌లో రాసినా రాదు. బయట 10కే తప్పనిసరి. మొదటి గంట ఈ ఒక్కటి మరిచే పోయింది.

8వ రోజు: కాంటాక్టరు, స్నబ్బరు

ఆటో/మాన్యువల్ సెలెక్టర్ స్విచ్చు కాయిల్ దారిలో పెట్టాం. మాన్యువల్‌లో చిప్, రిలే రెండూ లెక్కలో లేవు. ఓవర్‌లోడ్ రిలే 95-96 కాంటాక్టు మాత్రం రెండు దారుల్లోనూ కాయిల్‌తో వరసలో ఉంది. మోటారును కాపాడే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకూడదు.

స్నబ్బరు (కాయిల్ వదిలినప్పటి పోటును అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జంట) ఎక్కడ పెట్టాలన్నది చర్చకొచ్చింది. 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్‌కు అడ్డంగా పెట్టదగిన రకం), ఇదీ మామూలు జంట. రిలే కాంటాక్టులకు అడ్డంగా పెట్టాలని చాలా బొమ్మల్లో ఉంటుంది. పెట్టి చూస్తే కాంటాక్టరు కొన్నిసార్లు ఆలస్యంగా వదులుతోంది, ఒకసారి గుయ్యిమంటూ సగంలోనే నిలిచింది. కారణం లెక్కలో ఉంది. 0.1 మైక్రోఫారడ్ 50 హెర్ట్జ్ దగ్గర 31.8 కిలోఓములు. మూసుకుని ఉన్న చిన్న కాంటాక్టరు కాయిల్ 8 వీఏ తీసుకుంటే దాని అడ్డు దాదాపు 6.6 కిలోఓములు, అదీ ఇండక్టివ్. కెపాసిటర్‌కు ఎదురు దిశ కాబట్టి రెండూ కూడవు, తీసివేతకు వస్తాయి: 25 కిలోఓముల చుట్టుపక్కల. 9 మిల్లీఆంపులు, కాయిల్ మీద దాదాపు 60 వోల్టులు. అంటే 230లో 26 శాతం. ఏసీ కాంటాక్టరు వదలాల్సిన వోల్టేజీ ప్రమాణం ప్రకారం 20 నుంచి 75 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 26 దగ్గర వదలని కాంటాక్టరు లోపం ఉన్నదని అనడానికి లేదు.

స్నబ్బరును కాయిల్‌కే అడ్డంగా మార్చాం, పక్కనే 14డీ471కే ఎంఓవీ. రిలే తెరుచుకుంటే ఇక కాయిల్‌కు ఏ దారీ లేదు. కెపాసిటర్ ఎక్స్2 గుర్తున్నదే వాడాలి. మామూలు 400 వోల్టుల పాలిస్టర్ కొన్నాళ్లు పనిచేసి షార్ట్ అవుతుంది. మీ స్టార్టర్ కాయిల్ 415 వోల్టులదైతే, పొలం మోటార్లకు అదే ఎక్కువ, ఈ రిలేలూ ఈ 275 వోల్టుల ఎక్స్2 కెపాసిటరూ ఈ ఎంఓవీ ఏవీ దానికి తగవు. రిలే కాంటాక్టు రేటింగే 250 వోల్టులకు.

9వ రోజు: మెట్టు మెట్టుగా

రీసెట్ కారణాన్ని కోడ్‌లో నమోదు చేయించాం. కారణం బ్రౌనౌట్ అని వస్తే సప్లై కుంగుతోంది. పవర్-ఆన్ అని వస్తూ సప్లై పోనే లేదంటే, ఈఎన్ (చిప్‌ను రీసెట్ చేసే) పిన్ను మీద పోటు పడుతోంది. ఈ చిప్‌లో మామూలు పవర్-ఆన్, ఈఎన్ రీసెట్ రెండూ ఒకే పేరుతో కనిపిస్తాయి.

పరీక్ష వరస ముఖ్యం. ముందు ఉత్త రిలే, కాయిల్ తీగలు పీకి, 100 సార్లు. తర్వాత కాంటాక్టరు కాయిల్ ఒక్కటే, మోటారు లేకుండా, 100 సార్లు. చివర్లో మోటారు, కానీ దాన్ని గంటకు పది పన్నెండు సార్లకు మించి స్టార్ట్ చేయకూడదు, వైండింగు వేడెక్కుతుంది. రీసెట్ ఏ మెట్టులో మొదలైతే దారి అక్కడే ఉంది.

రిలే మెట్టులో ఏమీ లేదు. కాయిల్ మెట్టులో స్నబ్బరు విప్పి చూస్తే పవర్-ఆన్ రీసెట్లు వచ్చాయి, పెడితే తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. తీగ ఏదీ దాటడం లేదు, మరి ఎక్కడిది? గాలిలోంచి. కాంటాక్టరు కాయిల్ తీగలు, చిప్ 5 వోల్టుల తీగలు ఒకే ట్రంకింగులో 40 సెంటీమీటర్లు జంటగా నడుస్తున్నాయి. వాటిని వేరు చేసి, కాయిల్ రెండు తీగలనూ ఒకదానితో ఒకటి మెలిపెట్టి, ఈఎన్ పిన్ను నుంచి గ్రౌండ్‌కు 1 మైక్రోఫారడ్ పెట్టాక పోయాయి. కొన్ని డెవ్ బోర్డుల్లో ఈ కెపాసిటర్ చోటు ఉంటుంది, భాగం ఉండదు. ఆప్టో తీగల్లో వచ్చేదాన్ని ఆపుతుంది. గాలిలో వచ్చేదాన్ని దూరమే ఆపాలి.

11వ రోజు: రెండు గ్రౌండ్ల మధ్య 100 వోల్టులు

అన్నీ ఆపి, ప్లగ్గులు పీకి, మీటరును 20 మెగాఓముల మీద పెట్టి చిప్ గ్రౌండ్‌కూ ఫీల్డు మైనస్‌కూ మధ్య చూస్తే తెరిచి ఉన్నట్టే చూపింది. బాగుంది. కరెంటు ఇచ్చి అదే చోట ఏసీ వోల్టులు చూస్తే 100 చుట్టూ ఊగుతోంది. టెస్టర్ మెల్లగా వెలుగుతోంది.

ఇది చూసి భయపడి రెండు గ్రౌండ్లూ కలిపేసేవాళ్లున్నారు. కలపొద్దు. ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ అడాప్టరు)లో మెయిన్స్ పక్కకూ అవుట్‌పుట్ పక్కకూ మధ్య వై-కెపాసిటర్ (నాయిస్ తగ్గించే చిన్న కెపాసిటర్) ఉంటే తేలే అవుట్‌పుట్ ఇలాగే కనిపిస్తుంది. 1 నానోఫారడ్ గుండా పూర్తి 230 మీద కూడా 72 మైక్రోఆంపులే పారుతాయి. తేల్చుకోవడానికి ఆ రెండు పాయింట్ల మధ్య 10కే రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవండి. ఒక వోల్టు దరిదాపులకు పడిపోతే అది వై-కెపాసిటర్. పడకుండా పదుల వోల్టులు నిలిచి, రెసిస్టర్ వేడెక్కితే నిజంగా లీకు, వెంటనే ఎంసీబీ దించండి.

ఆ సాయంత్రం కాగితం మీద లేని ఎర్ర గీత ఒకటి బయటపడింది: యూఎస్‌బీ తీగ. లాప్‌టాప్ మూడు పిన్నుల చార్జరు మీద ఉంది. చాలా చార్జర్లలో అవుట్‌పుట్ మైనస్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఫీల్డు మైనస్ కూడా ఎర్త్‌కే. అంటే కోడ్ ఎక్కించేందుకు తీగ గుచ్చిన క్షణంలో రెండు గ్రౌండ్లూ ఒకటైపోయాయి. ఆ తీగ ఉన్నంతసేపూ రీసెట్లు తిరిగొచ్చాయి, పీకితే పోయాయి. బాగు చేస్తున్నప్పుడే కనిపించి, వదిలేస్తే కనిపించని తప్పు ఇంతకంటే ఏముంటుంది. ఇకనుంచి కోడ్ వైఫై మీదే. తప్పదంటే లాప్‌టాప్ బ్యాటరీ మీద, హెచ్‌ఎల్‌కే సప్లై తీగ పీకి.

13వ రోజు: వాల్వు మోటారు

రెండు తీగల వాల్వు, ధ్రువాలు మారిస్తే తెరుచుకుంటుంది, తిరిగి మారిస్తే మూసుకుంటుంది, చివర్లలో లోపలి స్విచ్చులు ఆపుతాయి. రెండు రిలేల ఎన్‌సీలు (మామూలుగా మూసి ఉండే కాంటాక్టులు) మైనస్‌కు, ఎన్‌ఓలు (తెరిచి ఉండేవి) +12కు, కామన్లు మోటారు రెండు కొనలకు. రెండూ ఆఫ్ అయినా, రెండూ ఆన్ అయినా మోటారు కొనలు ఒకే చోట ఉంటాయి, షార్ట్ అయ్యే అవకాశం ఏ కోడ్ తప్పుకూ లేదు. నాలుగు మాస్‌ఫెట్ల బ్రిడ్జి కంటే ఈ పనికి ఇదే నయం. నెలకు పది సార్లు తిరిగే వాల్వుకు వేగం ఎందుకు.

బ్రష్షుల చిటపట కోసం మోటారు కొనల దగ్గరే 100 నానోఫారడ్ సిరామిక్, తీగ ఈ చివర కాదు. కొనలకు అడ్డంగా పీ6కేఈ18సీఏ అనే పోటు అణిచే డయోడు, రెండు దిశలదీ. ఒక దిశ డయోడు ఇక్కడ పెడితే ధ్రువాలు మారిన మొదటిసారే షార్ట్. ఫీల్డు సప్లై మీద 1000 మైక్రోఫారడ్ 25 వోల్టులది. వాల్వు బిగుసుకుంటే అని 15 సెకన్ల తర్వాత కోడ్ రిలే వదిలేస్తుంది.

16వ రోజు: పెట్టె మూసే ముందు

మోటారుకు 'ఆగు' అని చెప్పి 2 సెకన్ల తర్వాత కూడా జీపీఐఓ 35లో పల్స్‌లు వస్తుంటే కాంటాక్టు అతుక్కున్నట్టు, బజర్ మోగుతుంది. 2 సెకన్లు ఎందుకంటే, కెపాసిటర్ ఉన్న మోటారు ఆగుతూ ఆగుతూ కాసేపు తనే వోల్టేజీ పుట్టిస్తుంది. కాంటాక్టరును స్క్రూడ్రైవర్‌తో నొక్కి పట్టి ఈ బజర్ పరీక్షించాం.

500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొలిచాం: ఫేజు, న్యూట్రల్ కలిపి ఒక పక్క, చిప్ గ్రౌండ్ ఇంకో పక్క. మెగ్గర్ తగిలించే ముందు ఎంఓవీల ఎర్త్ తీగ ఏదైనా ఉంటే విప్పాలి, లేకపోతే అదే లీకులా చూపుతుంది. మన దాంట్లో ఎంఓవీలు ఫేజు, న్యూట్రల్ మధ్యే ఉన్నాయి కాబట్టి విప్పక్కర్లేదు. 20 మెగాఓములు దాటింది.

చివరి పరీక్ష: మోటారు తిరుగుతుండగా ఈఎస్‌పీ32ను సాకెట్ నుంచి పీకేశాం. రిలే వదిలింది, కాంటాక్టరు వదిలింది, మోటారు ఆగింది. తిరిగి గుచ్చితే దానంతట అది స్టార్ట్ కాలేదు. కరెంటు వచ్చాక 3 నిమిషాల విరామం కోడ్‌లో ఉంది.

మిగిలిన పనులు: పెట్టె కింది రంధ్రాలకు గ్లాండ్లు (తీగను బిగించి పట్టే బిరడాలు), ఫ్లోట్ తీగకు మోటారు తీగతో సంబంధం లేని వేరే పైపు, 230 టెర్మినళ్లకు మూత. గ్లాండ్లు పీజీ11వి నాలుగు తేవాలి. తెచ్చిన పీజీ9 మోటారు తీగకు పట్టలేదు.